భద్రాచలం దారిలో దసలి పురుగు

మా చెల్లెలి కొడుకు నికాహ్ నిశ్చయమైన తరువాత ఒకనాటి సాయంత్రం అతడు మదర్సాకు వచ్చి, సంచిలో నుంచి గోధుమవన్నె గుడ్డ ఒకటి తీసి నా ముందు పరిచాడు. షేర్వానీ కోసం కొన్నది. “మామూ, దీన్ని టస్సర్ అంటారట. ఇది అసలు పట్టు కాదు, అడవిలో దొరికే సరుకు అని దుకాణదారు చెప్పాడు. మగవాళ్ళు ధరించవచ్చునా?” అని అడిగాడు. గుడ్డ అంచును వేళ్ళ మధ్య నలిపి చూశాను. ధర్మవరం చీరలకుండే మెరుపు లేదు, నునుపు లేదు. అక్కడక్కడ దారం ముడులు చేతికి తగులుతూ ఖద్దరుకు దగ్గరి చుట్టంలా ఉన్నది. మగ్రిబ్ అజాన్ వేళ కావస్తున్నది. “పట్టు కాకపోతే అభ్యంతరమేమున్నది బేటా, కుట్టించుకో” అని లేచాను.

నేను ముఫ్తీని కాను, ఫిఖహ్ పాఠం చెప్పుకునేవాణ్ణి. అయినా బంధువుల ఇళ్ళలో ఇటువంటి ప్రశ్నలు మొదట నా వద్దకే వస్తాయి. ఆ వారంలోనే తరగతిలో వస్త్రధారణ ప్రకరణం వచ్చింది. పట్టు, బంగారం తన సమాజంలోని పురుషులకు నిషిద్ధమనీ, స్త్రీలకు ధర్మసమ్మతమనీ దైవప్రవక్త (స) తెలిపిన హదీసును వివరిస్తున్నాను. వెనుక వరుసలోని పిల్లవాడొకడు లేచి, “హజ్రత్, అసలు పట్టు ఎలా పుడుతుంది?” అన్నాడు. పురుగు తన నోటి నుండి తీసే దారమే పట్టు అని చెప్పాను. చెప్పిన మరుక్షణం ఆ గోధుమవన్నె గుడ్డ కళ్ళ ముందు మెదిలింది. మరి అది దేని నోటి నుండి వచ్చింది?

భద్రాచలంలో ఇమాముగా ఉన్న నా పాత విద్యార్థికి ఫోన్ చేశాను. “దాన్ని ఇక్కడ దసలి పట్టు అంటారు ఉస్తాద్. చింతూరు వైపు కోయపల్లెల్లో ఆ పురుగును పెంచేవాళ్ళు ఇంకా కొందరున్నారు. మీరు వస్తే తీసుకువెళతాను” అన్నాడు. జనవరిలో రెండు రోజుల సెలవు చూసుకుని బయలుదేరాను.

ఖమ్మం నుండి భద్రాచలం బస్సు కొత్తగూడెం బొగ్గుగనుల పక్కగా, పాల్వంచ విద్యుత్ కేంద్రం పొగగొట్టాల పక్కగా సాగుతుంది. తరువాత జామాయిల్ తోటలు మొదలవుతాయి. సన్నగా, నిటారుగా, ఒక్క కొలతకు కోసినట్లున్న ఆ చెట్లు కాగితం కోసం పెంచినవి. సారపాకలోని మిల్లు దాటితే గోదావరి వంతెన. జనవరిలో నది సగం ఇసుకే. ఇదే నది 1986 ఆగస్టులో ఇక్కడ 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు పొంగింది. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకే ఇస్తారు.

భద్రాచలం పేరు చెప్పగానే తెలుగువారికి కంచర్ల గోపన్న, గోల్కొండ ఖైదు గుర్తుకు వస్తాయి. తానీషాను చెరసాల యజమానిగానే ఎరిగినవారు ఎక్కువ. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు పంపే ఆనవాయితీ ఆ తానీషా నాటి నుండే వస్తున్నదని ఈ ఊరివారు చెబుతారు. ఆ మాట గోల్కొండకు వెళ్ళినప్పుడు నాకెవరూ చెప్పలేదు, ఇక్కడ టీ కొట్టు దగ్గర విన్నాను. నేను పట్టు గురించి వచ్చానని తెలిసి ఒక పెద్దమనిషి తానే ఎత్తుకున్న ప్రసంగమది.

మరునాడు ఫజర్ నమాజు ముగించుకుని మోటారు సైకిలు మీద బయలుదేరాము. పట్టణం దాటగానే ఎటపాక. అప్పుడే రాష్ట్రం మారిపోయింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పట్టణం తెలంగాణలో మిగిలింది, దానికి ఆనుకుని ఉన్న పల్లెలు అటు వెళ్ళాయి. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు ఒకప్పటి ఖమ్మం జిల్లావే. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. ఇంకాస్త ముందుకు వెళితే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట. మూడు రాష్ట్రాల అడవి ఇది. గీతలు మనుషులకే గానీ చెట్లకు తెలియవు. టేకు ఆకులు రాలి దారి పొడవునా గలగలమంటున్నాయి. నల్లమద్ది మాత్రం ఇంకా ఆకు విడవలేదు. మొసలి వీపులా పగుళ్ళు తేలిన బెరడు చూస్తే దాన్ని మరో చెట్టుగా పొరబడే ప్రసక్తే లేదు.

చింతూరు ఇంకా కొంత దూరముండగా కాలిబాటన లోపలికి నడిచి ఒక కోయ పెద్దాయన ఇంటికి చేరాము. ఆయన వడిసెల చేతపట్టుకుని మద్దిచెట్ల కిందనే కూర్చుని ఉన్నాడు. చెట్లన్నిటినీ మనిషి ఎత్తుకు మించకుండా కొట్టి పెంచారు. మా సలాము అందుకుని లేచి నిలబడ్డాడు. నేను కొమ్మ దగ్గరికి వంగబోతే, “సాయిబు గారూ, కొంచెం ఎడంగా ఉండండి. అత్తరు వాసన దానికి పడదు” అన్నాడు. సిగ్గుపడి రెండడుగులు వెనక్కి వేశాను.

మొదట నాకేమీ కనబడలేదు. ఆకుపచ్చలో ఆకుపచ్చ. ఆయన వేలు చూపిన చోట చూపు నిలిపితే, బొటనవేలంత లావున్న గొంగళి ఒకటి ఆకు అంచును పట్టుకుని పైనుండి కిందికి తింటున్నది. దాని పక్కల వెండి చుక్కలు, ఒంటి మీద పలుచగా నూగు. ఒకటి కనబడిన తరువాత పది కనబడ్డాయి. గాలి నిలిచినప్పుడు అవి నమిలే చప్పుడు సన్నని చినుకులా వినవచ్చింది. పిట్ట నీడ పడగానే చప్పుడు ఆగింది. తలలెత్తి, కొమ్మకు పుల్ల మొలిచినట్లు కదలకుండా నిలిచాయి. పెద్దాయన వడిసెల విసిరాడు.

“పగలంతా పిట్టలు, బల్లులు. చీమలు, కందిరీగలు వేరే. రాత్రి కూడా కాపలానే” అన్నాడు. గుడ్డు నుండి వచ్చిన పిల్లపురుగును ఆకుల దోనెలో తెచ్చి చెట్టుకు కడతారు. ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మను కోసి మరో చెట్టుకు ఆనిస్తారు. నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. వానకాలంలో నెల పైచిలుకుకు గూడు కడుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. ఊజీ ఈగ అని ఒకటుంది. పురుగు ఒంటి మీద గుడ్డు పెట్టిపోతుంది, దాని పిల్ల పురుగును లోపలి నుండి తింటుంది. “ఒక్క తల్లి రెండు వందల గుడ్లు పెడతది సాయిబు గారూ. నలభై యాభై కాయలు ఇంటికొస్తే పండిన పంటే.” ఆయన పట్టుగూడును కాయ అనే అన్నాడు. చెట్టుకు కాసింది కాయ కాక మరేమిటి!

ఆ కాయను చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది. మల్బరీ పట్టుగూడు తెల్లగా, దూదిలా, చేతికి తేలికగా ఉంటుంది. దసలి కాయ కోడిగుడ్డు ఆకారంలో, బూడిద కలిసిన పసుపు రంగులో, గోటితో కొడితే టకటకలాడేటంత గట్టిగా ఉన్నది. పురుగు ముందుగా కొమ్మ చుట్టూ ఉంగరం చుడుతుంది. ఆ ఉంగరం నుండి తొడిమ దించి, దాని చివర ఆకుల నడుమ గూడు అల్లుతుంది. ఆకు రాలినా గూడు రాలదు. గాలివానలో కొమ్మ విరగాలే తప్ప ఉంగరం ఊడదు. చివర గోడలను ఒక ద్రవంతో తడిపి గట్టిపరుస్తుంది. ఇంత కట్టడం కట్టి తానే లోపల బందీ అవుతుంది.

పెద్దాయన ఇంటి చూరు కింద దండగా గుచ్చిన కాయలు వేలాడుతున్నాయి. అందులో ఒకటి ఖాళీది, వెనుకటి పంటది. తొడిమ వైపున చక్కని గుండ్రని రంధ్రం. “కొరికి వచ్చిందా?” అని అడిగాను. ఆయన నవ్వాడు. “దానికి పళ్ళెక్కడివి? నోరే లేదు. ఉమ్మితో నానబెట్టుకుని, దారాలు పక్కకు నెట్టుకుని వస్తది. తెగదు, ఊరికే విడిపోతది.” చూరులో దాచిన ఒక ఎండు రెక్కను కూడా తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇటుకపొడి రంగు. మధ్యలో కన్నులాంటి గుండ్రని మచ్చ. మచ్చ నడుమ పొర అద్దంలా పారదర్శకంగా ఉన్నది. దాన్ని కంటి ముందు పెట్టుకుని చూస్తే అవతల మద్దిచెట్టు కనబడింది.

నోరే లేదన్న మాట అక్షరాలా నిజం. రెక్కలు వచ్చిన శలభానికి తినే అవయవాలు పనిచేయవు. గొంగళిగా ఉన్న రోజుల్లో తిన్నదే దాని జీవితకాలపు ఆహారం. దానితోనే వారం పది రోజులు బ్రతికి, జతకట్టి, గుడ్లు పెట్టి ముగిసిపోతుంది. అల్‌ ఖారిఅహ్ సూరాలో ప్రళయదినాన మనుషులు చెల్లాచెదురైన శలభాల్లా ఉంటారన్న వర్ణన మనం తరచు వింటాము. దీపం చుట్టూ ముసిరే చిన్న పురుగులే ఇన్నాళ్ళూ నా ఊహలో ఉండేవి. అరచేయి వెడల్పు రెక్కలున్న శలభం కూడా ఆ మాటలో ఉన్నదని ఆ రెక్క పట్టుకున్నప్పుడు తోచింది.

దసలి శలభానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆంథెరియా మైలిట్టా. 1773లో డ్రూరీ అనే ఆంగ్లేయుడు మొదట వర్ణించాడు. మన గోదావరి జిల్లా సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు తరువాత కలకత్తాకు వెళ్ళి, 1804లో అచ్చయిన వ్యాసంలో ఈ అడవి పట్టు గురించి వివరంగా వ్రాశాడు. జాతి ఒకటే అయినా చోటు మారితే తెగ మారుతుంది. ఝార్ఖండ్ వైపు డాబా, ఒడిశాలో సుకిందా, పక్కనున్న బస్తర్‌లో రైలీ. రైలీ గుగ్గిలం చెట్ల మీద తనంతట తాను పెరుగుతుంది, పెంపకానికి సరిగా లొంగదు. కాయలు అడవిలో ఏరుకోవలసిందే. మన వైపు తెగను ‘ఆంధ్రా లోకల్’ అంటారు. పాత ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాల అడవులు దాని ఇల్లు. గూడు గట్టిగా, దారం బిగువుగా ఉండటం దాని గుణం. చెట్ల మీద పెంచితే ఎక్కువ భాగం నశించిపోతున్నదని వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంటి లోపల పెంచే పద్ధతులను పరీక్షించారు. పేరు మాత్రం నాకు నచ్చలేదు. వేరెక్కడా లేని ప్రాణికి లోకల్ అని పేరా!

ద్వీపాలలో ఇటువంటివి ఎక్కువ. మడగాస్కర్ ద్వీపదేశంలో తప్ప మరెక్కడా పుట్టని తోకచుక్క శలభం ఒకటున్నది. పొడవాటి తోకలతో, పసుపు రెక్కలతో ఉంటుంది. దానికీ పనిచేసే నోరు లేదు. వానచెమ్మ ఎక్కువగా ఉండే అడవి కనుక దాని వెండి రంగు గూటికి నీరు నిలవకుండా చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అదే దేశంలోని మరో అడవిపట్టుతో అక్కడివారు చనిపోయినవారికి కఫన్ నేస్తారట. మనకైతే తెల్లని నూలుబట్ట చాలు. ద్వీపానికి చుట్టూ సముద్రం ఉన్నట్టు ఈ మద్దిచెట్ల అడవికి చుట్టూ జామాయిల్, పత్తి, మిరప ఉన్నాయి. దసలి పురుగు మద్ది ఆకు తింటుంది, కాకపోతే రేగు ఆకు తింటుంది. జామాయిల్ ఆకును ముట్టదు. “ప్రాజెక్టు నీళ్ళు వస్తే మమ్మల్ని ఎక్కడికైనా లేపుతారు. మద్దిచెట్లను లేపుతారా?” అని పెద్దాయన అడిగాడు. సమాధానం నా దగ్గర లేదు.

వచ్చేటప్పుడు ఒక బ్రతికిన కాయ ఇచ్చాడు. “తొలకరి దాకా నిద్రపోతది. ఎండ తగలనీయకండి.” డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ రాత్రి మస్జిదు పక్క గదిలో కూర్చుని సంచిలో తెచ్చుకున్న పీలిక బయటికి తీశాను. మేనల్లుడి గుడ్డ అంచు నుండి అడిగి తీసుకున్నదే. నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో అంటించాను. కృత్రిమ పట్టయితే కాగితం కాలిన వాసన రావాలి, లేదా కరిగి గట్టి పూసలా కావాలి. ఇది వెంట్రుక కాలిన వాసన వేసింది. బూడిద వేళ్ళ మధ్య పొడి అయింది. నిజమైన పట్టే. ఇళ్ళలో స్త్రీలు పట్టుచీర కొనేటప్పుడు కూడా ఈ పరీక్ష పనికి వస్తుంది. అంత కష్టం లేకుండా, కేంద్ర పట్టు మండలి 2004 నుండి ఇస్తున్న ‘సిల్క్ మార్క్’ గుర్తు చూసి కొనవచ్చు.

అయితే ముడులెందుకున్నాయి? పగలు చూసిన ఖాళీ కాయలోనే దానికి జవాబు ఉన్నది. పురుగు లోపల ఉండగానే ఆవిరికి పెట్టి చంపి, సోడా నీటిలో ఉడికించి తీస్తే దారం ఏకధాటిగా వందల మీటర్లు వస్తుంది. శలభం ఎగిరిపోయిన కాయ నుండి అలా రాదు. పీచును చేత్తో లాగి వడకాలి. దాన్ని ఘిచ్చా అంటారు. ముడులతో, గరుకుగా, మెరుపు మందగించి ఉంటుంది. మేనల్లుడి గుడ్డ అదే.

ప్రాణి చావలేదు, మెరుపు లేదు, నునుపు లేదు. మరి నిషేధం దీనికీ వర్తిస్తుందా? ఇది కొత్త ప్రశ్న అనుకున్నాను. కానీ షాఫయీ పండితుల గ్రంథాలలో శతాబ్దాల క్రితమే ఈ రెండిటికీ వేర్వేరు పేర్లున్నాయి. పురుగు చచ్చిన తరువాత విప్పి తీసేది హరీర్. పురుగు గూటిని విడదీసుకుని ప్రాణంతో వెళ్ళిపోయిన తరువాత మిగిలేది ఖజ్జ్. దాని రంగు కాంతిహీనంగా ఉంటుందని కూడా వ్రాశారు. పురుషుల విషయంలో రెండిటికీ ఒకే తీర్పు ఇచ్చారు. ఆ పంక్తులను నేను విద్యార్థి దశలో చదివాను. చదివి, పరీక్షలో వ్రాసి, మరచిపోయాను. గూటిని ఎన్నడూ చూడని నాకు అది మాటల మధ్య భేదంగానే మిగిలిపోయింది. ఆ పెద్దాయన చూరు కింద రంధ్రం చూసినవాడెవడూ మరచిపోడు.

హనఫీ పండితులు ఒక వెసులుబాటు ఇచ్చారు. పడుగు పట్టుదై, పేక నూలుదైతే పురుషులు ధరించవచ్చు. మన పెద్దల కాలంలో నవాబులు తొడిగిన మష్రూ గుడ్డ పుట్టుక అదే. పైకి పట్టు మెరుస్తుంది, ఒంటికి నూలు తగులుతుంది. ఆ పేరుకు అర్థమే ధర్మసమ్మతమైనదని. పీలికను విప్పి చూశాను. పడుగు నూలే, పేక ఘిచ్చా. సరిగ్గా తలక్రిందులు. నాలుగు వేళ్ళ వెడల్పు అంచుకు అనుమతి ఉన్నది. దురదతో బాధపడిన హజ్రత్ జుబైర్, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)లకు దైవప్రవక్త (స) పట్టు చొక్కా అనుమతించిన హదీసు కూడా ఉన్నది. పెళ్ళికొడుకు మోజు ఆ రెండిటిలోకీ రాదు. తెలిసిన ముఫ్తీ సాహెబ్‌ను ఫోనులో అడిగితే, “అడవి పురుగైతేనేమి, తోట పురుగైతేనేమి, పురుగు తీసిన దారమే కదా మౌలానా” అన్నారు.

మేనల్లుడికి ఫోన్ చేశాను. కాసేపు మౌనం. “మామూ, దర్జీ నిన్ననే కత్తిరించాడు” అన్నాడు. తప్పు నాదేననీ, వేరే గుడ్డ నేనే కొనిస్తాననీ చెప్పాను. చెల్లెలు ఫోన్ అందుకుని, “ఆ మాట ముందే చెప్పి ఉంటే ఏమి పోయేది భాయ్‌జాన్?” అని కోప్పడింది. కోప్పడవలసిందే. కత్తిరించిన ముక్కలతో దర్జీ ఆమెకొక పొడవాటి కోటు కుట్టాడు. పెళ్ళినాడు అందరూ దాన్నే మెచ్చుకున్నారు. ఖమ్మంలో తరగతి పిల్లల ముందు ఖాళీ కాయ ఒకటి పెట్టి ఆ పాఠం మళ్ళీ మొదటి నుండి చెప్పాను. దుకాణదారు మాట విని నేనిచ్చిన మొదటి జవాబు కూడా చెప్పాను.

బ్రతికిన కాయను నా గది కిటికీ పక్కన గోడకు మేకు కొట్టి వ్రేలాడదీశాను. ఎండాకాలమంతా అది అలాగే ఉన్నది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చెవి ఆనించి పోయేవారు. మృగశిర దాటాక రెండు పెద్ద వానలు పడ్డాయి. మూడో రోజు ఇషా తరువాత ఒకడు పరుగున వచ్చి పిలిచాడు. తొడిమ వైపు తడిసి రంగు మారింది. చూస్తుండగా తల వచ్చింది, కాళ్ళు వచ్చాయి, నలిగిన గుడ్డపేలికలా ఒళ్ళు వచ్చింది. కాయను పట్టుకుని వ్రేలాడుతూ అది రెక్కలు ఆరబెట్టుకుంటుంటే పిల్లలెవరూ నిద్రకు పోలేదు, నేనూ పొమ్మనలేదు. తేనెరంగు రెక్కలు, లావు పొట్ట, సన్నని మీసాలు. ఆడది.

ఆడ శలభం రాత్రి ఒకచోట కూర్చుని వాసన వదులుతుందనీ, మగది ఎంతో దూరం నుండి ఆ వాసన పట్టి వస్తుందనీ పెద్దాయన చెప్పి ఉన్నాడు. కిటికీ తెరిచి ఉంచి, గదిలో దీపం ఆర్పి వరండాలో పడుకున్నాను. మొదటి రాత్రి ఏదీ రాలేదు. రెండో రాత్రీ రాలేదు. ఖమ్మం పట్టణం నడుమ ఎక్కడి నుండి వస్తుంది? అడవిలోనే వదిలిపెట్టి ఉండవలసిందని అప్పుడు తెలిసింది. మూడో రాత్రి నుండి అది కిటికీ చెక్కకు గుడ్లు అంటించడం మొదలుపెట్టింది. ఆరో రోజు ఉదయం కింద పడి ఉన్నది.

గుడ్లు పొదగడానికి ఎనిమిది నుండి పది రోజులు పడుతుందని పిల్లలకు చెప్పి ఉన్నాను. జత లేని గుడ్లు పిల్లలు కావని చెప్పలేదు. వాళ్ళు ప్రతి ఉదయం ఫజర్ తరువాత వచ్చి కిటికీ చెక్క మీద వేలు ఆన్చకుండా లెక్కపెట్టేవారు. పదకొండో రోజున ఆ పిల్లవాడే, పట్టు ఎలా పుడుతుందని అడిగినవాడే, “హజ్రత్, మద్ది ఆకు లేదని రావడం లేదేమో” అన్నాడు.